నెగెటివు భద్రపరచబడినది

ప్రతి సంవత్సరం వార్షికోత్సవానికి ముందు మేము మన కళాశాల ఆవరణకు వస్తాము. వేపచెట్టు నీడలో బల్లలు వేయించి, ముందు వరుసలో కార్యవర్గ సభ్యులను, అధ్యాపకులను కూర్చుండబెట్టి, వెనుక విద్యార్థులను ఎత్తు ప్రకారం నిలబెట్టి, "కదలవద్దు" అని హెచ్చరించి, పని ముగించుకొని వెళ్ళిపోతాము. ఇన్నేళ్ళుగా మిమ్మల్ని కదలవద్దని శాసించిన మమ్మల్ని ఈసారి సంచిక సంపాదకవర్గం వారు కూర్చుండబెట్టి, మీ వృత్తిని గురించి నాలుగు మాటలు వ్రాయండి అన్నారు. కెమెరా వెనుక నిలబడడం అలవాటైన వారికి ముందుకు రావడం కష్టమే. అయినా చదువు చెప్పిన కళాశాల మాట కాదనలేక ఈ సాహసానికి పూనుకొన్నాము.

"మేము" అని వ్రాయడం గొప్ప కోసం కాదు. ఫోటో స్టూడియో ఒక్కరి పని కాదు. మా తండ్రిగారు, తల్లిగారు, మేమిద్దరం అన్నదమ్ములం, ఇందరి చేతులు పడితేనే మా స్టూడియోలో ఒక ఫోటో తయారయ్యేది.

మా తండ్రిగారు 1961లో కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో, ఒక చిన్న గదిలో స్టూడియో తెరిచారు. వెనుక గోడకు మెట్లు, పూలకుండీ, దూరాన ఒక సరస్సు చిత్రించిన తెర. ఒక మూల అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. కొయ్యకు తగిలించిన ఒక నల్లకోటు, ఒక టై. ఆ కోటు ఎందరు తొడిగారో లెక్క లేదు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొనే నిరుద్యోగి, పెండ్లిచూపులకు ఫోటో పంపవలసిన వరుడు, గల్ఫుకు వెళ్ళే మేస్త్రీ, అందరూ ఆ ఒక్క కోటులోనే దొరబాబులయ్యారు. ఆదోని నుండి వచ్చిన ఒక పెద్దరైతు కోటు తొడుక్కొని అద్దంలో చూచుకొని, "సాయిబూ, ఇది నేను గాదులే, నా పంచె, తలపాగాతోనే దియ్యి" అన్నారట. మా తండ్రిగారు ఆ మాట చివరివరకు చెప్పుకొని సంతోషించేవారు.

బయటివారికి మా వృత్తి ఒక మీట నొక్కడమే అనిపిస్తుంది. అసలు పని చీకటిగదిలో ఉండేది. మెటాల్, హైడ్రోక్వినోన్, సోడియం సల్ఫైట్, బొరాక్సు తూనిక ప్రకారం కలుపుకొని డెవలపరు తయారు చేసుకొనేవారము. లీటరు నీటికి మెటాల్ రెండు గ్రాములు, హైడ్రోక్వినోన్ అయిదు గ్రాములు, సల్ఫైట్ వంద గ్రాములు, బొరాక్సు రెండు గ్రాములు. ఈ లెక్క మాకు ఎక్కాలకంటె ముందు వచ్చింది. డెవలపరులో పడిన ఫిలింను హైపోలో ఉంచి స్థిరపరచాలి; ఆ తరువాత పారే నీటిలో బాగా కడగాలి. కడుగుటలో బద్ధకిస్తే కొన్నేళ్ళకు ఫోటో పసుపుబారి ముఖమే మాసిపోతుంది.

ఈ రసాయనాలకు కావలసింది ఇరవై డిగ్రీల చల్లదనం. కర్నూలు వేసవిలో కుళాయి నీరే కాగిన నీరు. వేడికి ఫిలిం మీది జిలాటిన్ మెత్తబడి ముడతలు పడుతుంది. అందుచేత ఎండాకాలంలో పగలు ఫోటోలు తీసి, రాత్రి రెండు గంటల తరువాత, కుండనీటిలో మంచుగడ్డ వేసుకొని ఫిలిం కడిగేవారము. ఆ రోజులలో విదేశీ ఫిలిం దొరకడం కష్టం. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలింస్ వారి "ఇందు" ఫిలిం మాకు అన్నం పెట్టింది. ఎర్రదీపపు వెలుగులో, తెల్లకాగితం మీద మొదట కనుబొమలు, పిదప కండ్లు, పిదప ముఖం తేలివచ్చే ఆ దృశ్యాన్ని వేలసార్లు చూచినా మాకు విసుగు పుట్టలేదు.

పెండ్లిళ్ళ పని మరొక పరీక్ష. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్ళీ రాదు. నికాహ్‌లో "ఖుబూల్" అన్న మాట ఫోటోగ్రాఫరు కోసం రెండవసారి పలుకరు. ఒకసారి ఒక పెండ్లిలో ఫిలిం పండ్లచక్రానికి తగులుకోలేదు. ముప్పై ఆరు సార్లు మీట నొక్కాము, ఒక్క బొమ్మ కూడా పడలేదు. వధువు తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది. ఆనాటి నుండి ప్రతిసారి ఫిలిం తిప్పినప్పుడు ఎడమవైపు గుబ్బ కూడా తిరుగుతున్నదా అని చూచుకోవడం మా ఇంటి నియమమైంది. వీపున లైటు తీగెలు, చేత ఫ్లాషు, రాత్రంతా నిలుచుండడం, అందరూ లేచిన తరువాత చివరి పంక్తిలో భోజనం, ఇవి ఈ వృత్తిలో మామూలు.

మా తల్లిగారి పాత్ర చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పాస్‌పోర్టు ఫోటోకు కూడా పరపురుషుని ఎదుట కూర్చుండుటకు సంకోచించేవారు. అందుచేత మా తండ్రిగారు మా తల్లిగారికి కెమెరా నేర్పారు. శుక్రవారం మధ్యాహ్నం ముందు తలుపు మూసి, వెనుక తలుపు తెరిచి, ఆమె ఒక్కరే ఫోటోలు తీసేవారు. ఇది మేము కనిపెట్టిన పద్ధతి కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు, "ముసవ్వర్ జంగ్" బిరుదాంకితుడు రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దానిని ఒక యూరోపియను మహిళకు అప్పగించారు. మా తల్లిగారికి ఈ చరిత్ర తెలియదు. తెలియకయే ఆ సంప్రదాయాన్ని మా వీధిలో నిలిపారు.

ఇక అసలు విషయానికి వస్తాము. మా స్టూడియో కవరు వెనుక ఒక రబ్బరుముద్ర ఉండేది: "నెగెటివు భద్రపరచబడినది. నంబరు తెలిపిన కాపీలు ఇవ్వబడును." ప్రతి నెగెటివుకు ఒక నంబరు, రిజిస్టరులో పేరు, తేదీ. కొత్తగా పనిలో కూర్చున్న రోజున మా తండ్రిగారు మాకు చెప్పిన మొదటి మాట ఇది: "డబ్బు ఇచ్చి ఫోటో వాళ్ళు తీసుకొనిపోతారు. నెగెటివు మన దగ్గర అమానత్." అమానత్ అంటే ఒకరు నమ్మి మన చేత ఉంచిన సొత్తు. అది మనది కాదు; అడిగిననాడు ఇచ్చివేయాలి.

1993లో ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డుల ఉత్తర్వు వచ్చింది. ఆ పనితో కొంతకాలం చేతినిండా రాబడి ఉండింది. తరువాత రంగుల లాబ్‌లు, ఆపైన డిజిటల్ కెమెరా వచ్చాయి. మా తండ్రిగారు 2001లో కన్నుమూశారు. 2005లో చీకటిగది మూసి, ఆ స్థలంలో కంప్యూటరు పెట్టాము. నలభై ఏళ్ళ నెగెటివులు అటక మీద రేకుపెట్టెలలో ఉండేవి. స్థలం చాలలేదు; అప్పు కూడా ఉండెను. నలుపు తెలుపు ఫిలింలో వెండి ఉంటుంది. పాత ఫిలింలు తూకానికి కొని, కరిగించి వెండి తీసేవారు ఊరూరా తిరిగేవారు. అటువంటి ఒకరు వచ్చారు. మూడు గోనెసంచులు నిండాయి. వచ్చిన సొమ్ముతో ఒక ప్రింటరు కొన్నాము. రిజిస్టర్లను మాత్రం, కాగితమునకు ధర లేదు గనుక, ఎవరూ అడుగలేదు. మా తల్లిగారు ఆ రాత్రి అన్నం తినలేదు. మేము దానిని ముసలితనపు చాదస్తమనుకొన్నాము.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ ఏకమై మన ఊరిని ముంచిన సంగతి మీ పెద్దలందరికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. నీరు తీసిన తరువాత స్టూడియోలో మాకు మిగిలింది గోడలు, పై అలమరలోని రిజిస్టర్లు మాత్రమే. వారం గడవక ముందే జనం రావడం మొదలుపెట్టారు. సంచులలో, బకెట్లలో, చీరకొంగులలో బురద పట్టిన ఆల్బములు. బియ్యం పోయింది, బట్టలు పోయాయి అని చెప్పినవారు ఏడ్వలేదు. ఆల్బము తెరిచి ఏడ్చారు. తడిసిన ఫోటోలను ఆరనిస్తే ఒకదానికొకటి అంటుకొని ఇక విడిపోవు. కనుక వాటిని చల్లని మంచినీటిలోనే ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మవైపు తాకకుండా కడిగి, ముఖం పైకి ఉండేటట్లు పరిచి ఆరబెట్టాము. చిత్రమేమంటే పాత బ్రోమైడు ఫోటోలు చాలావరకు బ్రతికాయి. మేము కొత్త ప్రింటరుతో తీసిన రంగుల ఫోటోలు నీటిలో రంగులు వదలి తెల్లకాగితాలయ్యాయి.

ఆ రోజులలోనే ఒక ముసలితల్లి వచ్చింది. హంద్రీ ఒడ్డున ఆమె ఇల్లు పడిపోయింది. ఆమె కుమారుడు మన కళాశాలలోనే 1988లో ఇంటర్మీడియట్ చదివినవాడు. 1991లో ప్రమాదంలో మరణించాడు. ఇంటిలో ఉన్న ఒక్క ఫోటో వరదలో పోయింది. ఆమె రవిక లోపలి నుండి ఒక ప్లాస్టికు సంచి తీసి, అందులోని మా స్టూడియో కవరు ముక్కను బల్లమీద పెట్టింది. "బేటా, మీ అబ్బా చెప్పినాడు, ఈ నంబరు జాగ్రత్తగా పెట్టుకోమ్మా, ఎప్పుడొచ్చినా ఫోటో ఇస్తామని. ఇదిగో నంబరు" అన్నది.

రిజిస్టరు తెరిచాము. ఆ నంబరు ఉన్నది. దానికి ఎదురుగా ఆ పిల్లవాని పేరు మా తండ్రిగారి గుండ్రని అక్షరాలలో ఉన్నది. నెగెటివు లేదు. వరదలో పోయిందని చెప్పవచ్చును. ఊరంతా మునిగింది గనుక నమ్మేది కూడా. ఆ అబద్ధం మా నాలుక చివరి వరకు వచ్చింది. మా తల్లిగారు లోపలి గుమ్మంలో నిలబడి ఉన్నారు. మేము నిజం చెప్పాము. "అమ్మా, నాలుగేళ్ళ క్రితం వెండి కోసం అమ్మివేశాము." ఆమె చాలాసేపు రిజిస్టరులోని ఆ పేరునే చూచింది. "ఎంత వెండి వచ్చింది బేటా?" అని మాత్రం అడిగింది. జవాబు చెప్పలేకపోయాము.

అప్పుడు మా తమ్మునికి కళాశాల గ్రూపు ఫోటోలు జ్ఞాపకం వచ్చాయి. మేడమీది హాలులో ఉన్నందున వాటికి నీరు తగులలేదు. ప్రిన్సిపాలుగారి అనుమతితో 1988 నాటి పటం దించాము. నూరుమందికి పైగా విద్యార్థులు; ఒక్కొక్క ముఖం శనగగింజంత. క్రింద అట్టమీద కార్యవర్గ సభ్యుల పేర్లు, అధ్యాపకుల పేర్లు ముద్రించి ఉన్నాయి. విద్యార్థుల వద్ద "నిలబడినవారు: ఇంటర్మీడియట్ విద్యార్థులు" అన్న ఒక్క పంక్తి తప్ప మరేమీ లేదు. ఆ అట్ట రాయించింది కూడా మేమే. ఆ తల్లి భూతద్దం పట్టుకొని మూడవ వరుసలో ఒక ముఖం దగ్గర ఆగింది. నాలుగవ వరుసలో ఇంకొక ముఖం దగ్గర ఆగింది. మళ్ళీ వెనుకకు వచ్చింది. చివరకు మూడవ వరుసలోని వాని మీద వేలు పెట్టి, "వీడే" అన్నది. ఆ ముఖాన్ని తిరిగి ఫోటో తీసి, పోస్టుకార్డు సైజుకు పెంచి, ఫ్రేము కట్టి ఇచ్చాము. డబ్బు తీసుకోలేదు. తీసుకోలేదని చెప్పుకొనే అర్హత కూడా మాకు లేదు. అది అతడేనా అన్న సంగతి ఈనాటికీ మాకు తెలియదు. పేర్ల వరుస ఉండి ఉంటే తెలిసేది.

రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించారు. ఆయన గాజు నెగెటివులు 2,800కు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అవి రాజుల ముఖాలు, కోటల బొమ్మలు గనుక ప్రభుత్వం దాచింది. మా అటక మీద ఉండినవి కూలీల, గుమాస్తాల, విద్యార్థుల ముఖాలు. వాటిని దాచవలసింది మేమే. మేము దాచలేదు.

ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా! మీ చేతిలోని ఫోనులో వేల ఫోటోలు ఉండవచ్చును. ఫోను పోయిననాడు అవి కూడా పోతాయి. మీ తల్లిదండ్రుల ఫోటో ఒక్కటైనా కాగితం మీద అచ్చు వేయించి, వెనుక పెన్సిలుతో పేరు, సంవత్సరం వ్రాసి, ఇంటిలో ఎత్తైన చోట ఉంచండి. మరొక ప్రతి బంధువుల ఇంటిలో ఉంచండి. గౌరవనీయులైన కార్యవర్గ సభ్యులకు కూడా ఒక మనవి. మేడమీది పాత పటాలన్నిటికీ మేము ఉచితంగా ప్రతులు తీసి ఇస్తాము. ఆ సంవత్సరాల హాజరుపట్టీలు మాకు చూపించి, పాత విద్యార్థులను పిలిపిస్తే, బ్రతికి ఉన్నవారి జ్ఞాపకంలో ఉన్నంతవరకైనా పేర్లు చేర్చవచ్చును.

ఈ సంవత్సరం గ్రూపు ఫోటో నాడు మేము కెమెరాతో పాటు ఒక నోటుపుస్తకం కూడా తెస్తాము. ప్రతి వరుసలో ఎడమ నుండి కుడికి అందరి పేర్లు వ్రాసుకొన్న తరువాతనే "కదలవద్దు" అంటాము. ఎండలో కొంత ఆలస్యమవుతుంది. దయచేసి ఓర్చుకొనగలరు.