అనంతగిరి దారిలో

మా అత్తగారికి డెబ్బై ఏళ్లు. కొండలు చూడాలని ఆమె చిరకాల కోరిక. గత డిసెంబరులో శృంగవరపుకోటలో ఒక జీపు, దారి చూపడానికి ఆ కొండల్లోనే పుట్టిన ఒక గిరిజన యువకుణ్ణి మాట్లాడుకున్నాము. అతడు 600 రూపాయలు అడిగితే బేరమాడి 500కు ఒప్పించాము.

ఘాట్ రోడ్డు ఎక్కేకొద్దీ మంచు దట్టమైంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ మానులకే అల్లుకున్న మిరియాల తీగలు. మేమైతే దాటిపోయేవారమే. అతడు జీపు ఆపించి, ఎర్రగా పండిన కాఫీ కాయను చిదిమి, రెండు గింజలు అత్తగారి అరచేతిలో పెట్టాడు. పైనున్న జిగురు తియ్యగా ఉందని ఆమె ఒకటే సంబరం.

బొర్రా గుహల్లోకి దిగడం సులువే. సున్నపురాతిలోంచి చుక్కచుక్కగా కారే నీరే వేల ఏళ్లకు ఆ ఆకారాలు కట్టిందనీ, గుహల పైనుంచే రైలు పోతుందనీ అతడు చెబుతుంటే ఆమె చిన్నపిల్లలా విన్నారు. తిరిగి మెట్లెక్కేటప్పుడు సగంలోనే మోకాళ్లు పట్టేశాయి. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగానే, “ఎక్కండి మామ్మా” అంటూ అతడు వీపు వంచాడు.

పైకి వచ్చాక ఆ వంద కూడా ఇవ్వబోయాము. “మాట అయిపోయింది కదండీ” అని తీసుకోలేదు.

గాలికొండ దగ్గర అత్తగారు అతని చెయ్యి పట్టుకొని లోయ చూశారు. మేము కొంచెం ఎడంగా నిలబడ్డాము.