ఆదిలాబాద్ ట్యాంకుకు ఏ చేపలు

మే 5, 2024, ఆదివారం. కరీంనగర్

ఆదిలాబాద్ నుంచి మేనల్లుడి ఫోన్. ట్యాంకు వచ్చిందట, హాల్లో గోడవారన పెట్టించాడట. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్క కడితే సుమారు 250 లీటర్లు. రాళ్లు, ఇసుక వేశాక పట్టే నీళ్లు ఇంకా తక్కువ. "మామా, ఏ చేపలు తెచ్చుకోవాలె? నువ్వే చెప్పు" అన్నాడు. వెనక నుంచి వాళ్ల పాప: "తాతా, నీమో, డోరీ రెండూ కావాలె!"

2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ సినిమా ఇప్పటికీ పిల్లలకు సముద్రం చూపిస్తూనే ఉంది. నీమోకు, అంటే క్లౌన్ చేపకు, అభ్యంతరం లేదు. డోరీ దగ్గరే చిక్కు. దుకాణంలో రెండు వేళ్ల వెడల్పున ముద్దుగా ఉండే ఆ బ్లూ టాంగ్ పెరిగితే అడుగు దాకా వస్తుంది. సముద్రంలో పొద్దంతా పగడపు దిబ్బల వెంట తిరిగే చేప అది. నాలుగడుగుల గాజు గోడల మధ్య దానికి తిరగడానికి చోటేది? ఇరుకులో బెదురుతుంది, బెదిరిన చేపకు తెల్లమచ్చల రోగం పడుతుంది, టాంగులకైతే మరీ తొందరగా. పాప అడిగిందని తెచ్చి, పాప కళ్లముందే చావనివ్వడం ప్రేమ కాదు. ఫోన్లో ఇదంతా చెప్పలేదు. ఎదురుగా కూచోబెట్టుకుని చెప్పాలి.

మే 9, గురువారం

పగడపు దిబ్బల చేపలు 24 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. సముద్రం పెద్దది, వేడెక్కాలన్నా చల్లబడాలన్నా నెమ్మది. ఆదిలాబాద్ అలా కాదు. మేలో 45 డిగ్రీలను తాకుతుంది, పుష్యమాసంలో తెలంగాణ మొత్తంలో ముందు వణికేది అదే. కాబట్టి అక్కడ నీళ్లు చల్లబరిచే చిల్లరూ కావాలి, వేడి చేసే హీటరూ కావాలి. చేపల జాబితా కంటే ముందు ఈ రెంటి సంగతి తేలాలి.

నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయానికి కరెంటు పోయి పంపు ఆగిందా, ముందు పోయేది పెద్ద చేప, తర్వాత చేపలు కిక్కిరిసిన ట్యాంకు. చిన్న చేపలు, తక్కువ చేపలు అని నేను పట్టుబట్టడం ఇందుకే. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి కొని ఉంచమన్నాను.

ఫ్యాను పెట్టి నీటి పైభాగానికి గాలి కొట్టిస్తే ఒకటి రెండు డిగ్రీలు దిగుతుంది గానీ నీళ్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. అందుకని తగ్గిన మేరకు ఉప్పునీళ్లు కాకుండా ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. లీటరుకు 35 గ్రాముల ఉప్పు, సాంద్రత 1.025. అది కదలకూడదు. బోరునీళ్లు మాత్రం వద్దే వద్దు.

మే 21, మంగళవారం

మేనల్లుడు ఫొటోలు పంపుతున్నాడు, నేను వద్దంటున్నాను. పాపం, విసుగు పడటం లేదు.

లయన్ ఫిష్: నోట్లో పట్టే ప్రతి చేపనూ మింగుతుంది, ముళ్లలో విషం, ఇంట్లో చిన్నపిల్ల. బటర్‌ఫ్లై చేపల్లో చాలావాటికి తిండి పగడమే. డామ్సెల్ చవక, గట్టిది, కానీ తర్వాత వచ్చే వాటిని బతకనివ్వదు. కొత్త ట్యాంకును ‘పండించడానికి’ దాన్నే ముందు వదలమని దుకాణాల్లో చెబుతారు. నీళ్లలో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ విషంలో ఒక ప్రాణిని ఈదించాల్సిన పనే లేదు, సీసాలో దొరికే అమ్మోనియా చుక్కలతో అదే పని అవుతుంది.

మాండరిన్ చేప దగ్గర నేనూ కాసేపు ఆగిపోయాను. నీలం మీద నారింజ చారలు, పోచంపల్లి చీర అంచులా. అంత అందం ఇంకో చేపకు లేదు. కానీ అది పొద్దంతా రాళ్ల మీద కంటికి ఆనీ ఆనని కోపిపాడ్లను ఏరుకు తింటుంది. కొత్త ట్యాంకులో అవి ఉండవు. గింజల మేత వేస్తే ముట్టదు. కడుపు లోపలికి పోయి, వెన్ను తేలి, కొన్ని వారాల్లో ఆకలితో పోతుంది. క్లీనర్ రాస్ చేప కూడా అంతే. సముద్రంలో పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవుల్ని తిని బతుకుతుంది. మన ట్యాంకులో దాని దగ్గరికి వచ్చేదెవరు?

జూన్ 8, శనివారం. మిరుగం

పొద్దున్నే చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు. మిరుగం, అంటే మృగశిర కార్తె మొదలయ్యే నాడు చేప తినని ఇల్లు మా దిక్కు తక్కువ. బొచ్చె, రవ్వు కుప్పలు పోసి ఉన్నాయి. అందరి చూపూ కొర్రమీను తొట్టి మీదే. మూతి పైకెత్తి గాలి గుటక వేస్తుంది, అడుగున జారుతుంది, మళ్లీ వస్తుంది. గాలి పీల్చే అవయవం తల లోపల ఉంది కాబట్టే జానెడు నీళ్లలో కూడా గంటల తరబడి ఉండగలదు. మన రాష్ట్ర చేప అది.

కొర్రమీనును చూసి పెరిగిన మనకు చేప అంటే దేన్నైనా ఓర్చుకునే ప్రాణి అనే లెక్క ఉండిపోయింది. ఎండకు సగం ఎండిన చెరువునూ, వానకు పొంగిన చెరువునూ ఒక్కలాగే ఈదుతుంది కదా! పగడపు దిబ్బల చేపకు ఆ అలవాటు లేదు. వేల ఏళ్లుగా మారని నీళ్లలో పుట్టిన జాతి. అది తెలియకుండా దాన్ని ఇంటికి తేకూడదు.

జూన్ 23, ఆదివారం. ఆదిలాబాద్

పాపతో మాట్లాడాను. మెట్ల దగ్గర సుద్దముక్కతో అడుగు పొడవు చేప బొమ్మ గీశాను. లేచి ట్యాంకు ముందు నిలబడి, చేతులు చాచి కొలిచింది. "పట్టదు తాతా" అంది. అంతే. నేను ఇంకేమీ చెప్పలేదు.

మేనల్లుడు ఊరవతల నుంచి సున్నపురాయి తెచ్చి పెట్టాడు, ట్యాంకులో వేద్దామని. ఆదిలాబాద్ కింద పరుచుకున్న పెన్‌గంగ సున్నపురాయి ఒకనాటి సముద్రంలో పేరుకున్నదే. పగడాలు, చేపలు పుట్టకముందటి సముద్రం! చేతిలో పట్టుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అయినా ట్యాంకులోకి వద్దన్నాను. ఆ పొరల్లో మాంగనీసు కూడా ఉంది, ఏ రాయిలో ఏ లోహం కలిసిందో కంటితో చెప్పలేం. కాల్చిన సిరామిక్ రాళ్లు చాలు.

బతికున్న పగడం అసలే వద్దు. దిబ్బలు కట్టే పగడాలను 2001లోనే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. నీటిగుర్రాలనూ అప్పుడే చేర్చారు. మన సముద్రంలోంచి తీసిన పగడం ఎవరైనా అమ్మజూపితే అది నేరం. ఎండిన ముక్కైనా అంతే. చట్టం లేకపోయినా నేను వద్దనేవాణ్ణే.

జూలై 14, ఆదివారం. ఆదిలాబాద్

నీళ్లు తయారు. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. ఇక చేపలు.

మొదట పసుపు గోబీ. ఇసుకలో బొరియ కాపలా దానిది, తవ్వేది పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు తక్కువ, ఒక మీసాన్ని ఎప్పుడూ గోబీ తోక మీదే ఆనించి ఉంచుతుంది. గోబీ తోక అల్లాడించిందంటే ఇద్దరూ లోపలికి! కరీంనగర్‌లో మా ట్యాంకులో ఈ కాపలాను ఎన్ని సాయంత్రాలు చూసినా తనివి తీరదు. గోబీ ఎగిరి దూకుతుంది కాబట్టి పైన వల మూత తప్పనిసరి.

తర్వాత ఒక జత బంగాయ్ కార్డినల్. ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల దగ్గర తప్ప సహజంగా ఉండని జాతి, అమ్మకాల కోసం పట్టి పట్టి అంతరించే దశకు తెచ్చారు. అందుకే హేచరీలో పుట్టిందే తేవాలి. తండ్రి గుడ్లను నోట్లో మోస్తాడు. పిల్లలు బయటికి వచ్చేదాకా తిండి మానేస్తాడు.

చివరగా నీమో జత. చిన్నవి రెండు, ఒకే ఈతలో పుట్టినవి తెస్తే చాలు. క్లౌన్ చేపలన్నీ మగవిగానే పుడతాయి, వాటిలో పెద్దరికం చేసేది ఆడదిగా మారుతుంది. కొచ్చిన్ కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వీటిని పిల్లలు చేయించడం ఎప్పుడో సాధించింది. హేచరీ పిల్లకు తొట్టి నీళ్లూ, గింజల మేతా పుట్టినప్పటి నుంచీ అలవాటే. సముద్రంలో ఒక్క చేపా తగ్గదు. సీ అనిమోన్ లేకపోయినా హాయిగా బతుకుతాయి.

ప్రతి విడతనూ నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచి, రోగం లేదని తేలాకే ట్యాంకులోకి వదలాలి. మందు వేయాల్సి వచ్చినా ఆ తొట్టిలోనే. రాగి మందు ట్యాంకులో పడితే రొయ్య బతకదు.

గోబీ ఒకటి, కార్డినల్స్ రెండు, క్లౌన్లు రెండు. ఆ 250 లీటర్లకు అయిదు చేపలు చాలు, ఆరోది వద్దు.