నేను తీసుకోని అప్పు

"ముందు ఆ పాత లోను క్లియర్ చేసుకుని రండి మేడమ్," అన్నాడు బ్యాంకులో ఆ కుర్రాఫీసరు, కాస్త మొహమాటపడుతూనే.

2024 జూన్. అమ్మాయికి ఎంబీఏ సీటొచ్చింది. చదువు లోనుకి తల్లో తండ్రో పక్కన సంతకం పెట్టాలి. మావారిది చిన్న ఎరువుల కొట్టు, లెక్కలన్నీ ఆయన బుర్రలోనే ఉంటాయి. అందుకని జీతం స్లిప్పులు పట్టుకుని నేనే వెళ్లాను. ఇరవై రెండేళ్ల గవర్నమెంటు టీచరు ఉద్యోగం. ఇంటి లోను గడువుకి ముందే తీర్చేసినదాన్ని. "ఏ పాత లోను బాబూ?" అన్నాను. కంప్యూటరు నావైపు తిప్పాడు. స్కోరు 611. కింద నేనెన్నడూ పేరు వినని ఒక ఫైనాన్స్ కంపెనీ, 62,000 రూపాయల పర్సనల్ లోను, ఒక్క వాయిదా కట్టిన పాపాన పోలేదు. పక్కనే ఫోను నంబరు. అది నాది కాదు. ఏడాదిపాటు వసూలు ఫోన్లు ఎందుకు రాలేదో అప్పుడర్థమైంది.

స్కోరంటే సిబిల్ అనే అనుకుంటాం గానీ, మన దేశంలో ఈ చిట్టాలు రాసే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ రాత్రే నాలుగూ తీశాను. మూడోదాంట్లో ఇంకో లోను బయటపడింది, 14,000. సిబిల్ ఒక్కటే చూసుకుని పడుకుంటే అది అక్కడే ఉండిపోయేది.

మర్నాడు పోలీసు స్టేషన్. ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే ఫోను చెయ్యాల్సిన నంబరు 1930. నాకు పోయింది డబ్బు కాదు, పేరు. కాబట్టి సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నింపి, ఆ ప్రింటు పట్టుకుని వెళ్లాను. "డబ్బు పోలేదు కదమ్మా, ఇంక కేసేమిటి?" అన్నాడు రైటరు. ఐటీ చట్టంలో 66సి సెక్షన్ ఉంది. ఇంకొకరి గుర్తింపు వివరాలు మోసంతో వాడుకోవడమే నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. బాధితుడి డబ్బు పోయి ఉండాలని అందులో ఎక్కడా లేదు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. మూడోసారి వెళ్లాక ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చింది. ఆ ఒక్క కాగితం లేకపోతే తర్వాతి పనులేవీ కదిలేవి కావు.

దాన్ని జతచేసి అప్పిచ్చిన రెండు కంపెనీల ఫిర్యాదుల అధికారులకీ ఈమెయిల్ పంపాను, రిజిస్టర్డ్ పోస్టూ చేశాను. ఈ లోను నాది కాదు అని రాసి ఊరుకోలేదు. మీరు తీసుకున్న కేవైసీ కాగితాలు చూపించండి, సెల్ఫీ చూపించండి, డబ్బు ఏ ఖాతాలో వేశారో చెప్పండి అని అడిగాను. పది రోజులకి మొదటి కంపెనీ పంపింది. నా పేరు, నా ప్యాన్ నంబరు, నా పుట్టిన తేదీ. సెల్ఫీలో మాత్రం గడ్డం పెంచుకున్న పాతికేళ్ల కుర్రాడు, వెనక గోడ మేకుకి వేలాడుతున్న గళ్ల చొక్కా. ఇన్నేళ్లుగా హాజరు పిలుస్తున్నదాన్ని, పేరుకీ మొహానికీ పొంతన చూడకుండా ఒక్కనాడూ హాజరు వెయ్యలేదు. వీళ్లు 62,000 ఇచ్చేశారు.

ఇక్కడే అసలు పరీక్ష వచ్చింది. ఉత్తరంలో నా నంబరు రాశాను కదా, వసూలు ఏజెంటుకి ఇన్నాళ్లకి నేను దొరికాను. "18,000 కట్టెయ్యండి మేడమ్, సెటిల్ చేసేస్తాం, వారంలో మీ లోను వచ్చేస్తుంది," అన్నాడు. కాలేజీ ఫీజుకి పన్నెండు రోజులే ఉంది. "గోటితో పోయేదానికి గొడ్డలి దేనికే? 18,000 పారేస్తే పోయె," అన్నారు మావారు. నిజం చెప్పొద్దూ, ఫోన్‌పే తెరిచి అంకె కూడా కొట్టాను. వేలు ఆపింది నీతి కాదు, లెక్క. కడితే ఆ అప్పు నాదేనని నేనే ఒప్పుకున్నట్టు. పైగా రిపోర్టులో అది 'సెటిల్డ్' అని ఏళ్ల తరబడి ఉంటుంది. బ్యాంకువాళ్ల భాషలో ఆ మాటకి పూర్తిగా కట్టలేక బేరమాడుకున్న మనిషి అని అర్థం. డబ్బిచ్చి మచ్చ కొనుక్కోవడమే.

మరి ఫీజుకి 3 లక్షలు ఎక్కణ్ణించి? రెండు దారులు కనిపించాయి. నేను 5 లక్షల చీటీ కడుతున్నాను. ఆ నెల పాట ఎత్తితే 90,000 దాకా వదులుకోవాలి. రెండోది బంగారం. గాజులూ, అమ్మ ఇచ్చిన కాసుల పేరూ బ్యాంకులో పెట్టి 9.5 శాతానికి 3 లక్షలు తెచ్చాను. కాసుల పేరు తూకం వేస్తున్నప్పుడు అటు చూడలేకపోయాను, అది వేరే సంగతి. నాలుగు నెలలకి వడ్డీ 9,500. ఏజెంటుకిచ్చే 18,000 కన్నా తక్కువే.

ఈలోపు చిట్టాలు రాసే ఆ నాలుగు సంస్థల వెబ్‌సైట్లలోనూ ఆ పద్దుల మీద వివాదం నమోదు చేశాను. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మనకి పరిహారం, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి కంపెనీ ఇరవై ఆరో రోజున తన లోను తీసేసింది. రెండోది ఉలకలేదు, పలకలేదు. 30 రోజులు నిండగానే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నలభై మూడో రోజున అదీ పోయింది.

చుట్టాలు మాత్రం కొత్త ప్యాన్ తీసుకోమని ఒకటే సలహా. ఆ పని చెయ్యకండి. రెండు ప్యాన్లుంటే 10,000 జరిమానా. చెయ్యాల్సింది వేరు. సంచార్ సాథీ వెబ్‌సైట్లో నా పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూస్తే నేనెరగని నంబర్లు రెండు కనిపించాయి, నావి కాదని అక్కడే నొక్కాను. ఆధార్ వేలిముద్రలకి తాళం వేశాను. 2018లో మన తెలంగాణలోనే ఒక సిమ్ కార్డుల వ్యాపారి భూమి దస్తావేజుల మీది వేలిముద్రల్ని రబ్బరు మీద అచ్చు తీసి వేల సిమ్‌లు లేపాడు, అది చదివీ నేను ఆరేళ్లు ఊరుకున్నాను.

నా కాగితాలు ఎక్కడ జారాయో తెలియదు. ప్యాన్ జెరాక్సు ఇచ్చిన చోట్లు రాద్దామని కూర్చున్నాను: నగల కొట్టు, చీటీల ఆఫీసు, తిరుపతిలో లాడ్జి, ఫ్రిజ్ వాయిదాల మీద కొన్న షాపు. పదకొండు దాకా వచ్చి ఆపేశాను. ఇప్పుడు ఏ జెరాక్సు ఇచ్చినా అడ్డంగా గీత గీసి, ఎవరికి, దేనికి, ఏ తేదీన అని రాసి సంతకం పెడుతున్నాను. కౌంటర్లో వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

అక్టోబరులో స్కోరు 764. చదువు లోను వచ్చింది, కాసుల పేరు ఇంటికొచ్చింది. ఆలస్యమైన పదమూడు రోజులకి పరిహారం 1,300 నా ఖాతాలో పడింది. ఆ గడ్డం కుర్రాడు మాత్రం ఇంతవరకు దొరకలేదు.