ఆకు తొడిగేలోపు

యాన్ ఆర్బర్,
ఏప్రిల్ నెలాఖరు.

అక్కా,

అమ్మగారు కర్ర లేకుండా నడుస్తున్నారని రాశావు, చాలా సంతోషం. నువ్వు రాజమండ్రి వెళ్ళాక వచ్చిన మొదటి వసంతం ఇది. బర్డ్ హిల్స్ అడవికి మనవాళ్ళంతా వచ్చారు, పులిహోర డబ్బా కూడా వచ్చింది. "కింద చూసి నడవండర్రా" అని కేకలేసే మనిషే లేకపోయింది.

మార్చిలోనే ఊరి బయట చిత్తడి నేలలో స్కంక్ క్యాబేజీని చూసొచ్చాం. చుట్టూ మంచు పేరుకుని ఉన్నా, అది మొలిచిన చోట మాత్రం కరిగిపోయి గుంట పడింది. గాలికన్నా పదిహేను డిగ్రీలు, ఇంకా పైనే వేడి పుట్టించుకుంటుందట ఆ పువ్వు. కంపు సంగతి నీకు తెలుసు. మీ గోదావరి కంద దీనికి చుట్టమే. కంద పువ్వూ అలాగే వేడెక్కుతుంది, అలాగే కంపు కొడుతుంది.

ఇప్పుడు అడవి వంతు. హెపాటికా పూత అయిపోవచ్చింది. పోయినేటి ఆకు మంచు కిందే చలికాలం గడిపేసింది, దాని పక్కనుంచి నూగు కాడలు లేచాయి. బ్లడ్‌రూట్ రేకులు మేం చూస్తుండగానే రాలాయి. విరిగిన కాడ ఒకటి ఎవరి వేలికో తగిలి, పారాణి పెట్టినట్టు ఎర్రగా అంటుకుంది. స్ప్రింగ్ బ్యూటీ మాత్రం బాట పొడుగునా ఉంది. రేకుల మీది గులాబీ గీతలు పట్టుకుని తేనెటీగలు నేరుగా లోపలికి దిగుతున్నాయి.

వీటన్నిటిదీ ఒకటే తొందర. నెత్తిన మేపుల్, ఓక్ చెట్లు ఆకు తొడిగితే నేలకి ఎండ రాదు. ఈలోపు దొరికే కొద్ది వారాల వెలుగులోనే ఏడాది తిండిలో ఎక్కువ భాగం కూడబెట్టుకోవాలి. స్ప్రింగ్ బ్యూటీ అయితే జూన్‌కల్లా ఆకుతో సహా కనిపించదు. మట్టిలో దుంప ఒక్కటే మిగులుతుంది.

పుస్తకంలో దాచుకోడానికి ఒక ట్రిలియం పంపమన్నావు. పంపడం లేదు, కోప్పడకు. పువ్వు కిందే మూడు ఆకులుంటాయి, ఆ మొక్కకున్నవి అవే. కాడ తుంచితే ఆ ఏటి తిండి పోయినట్టే. గింజ పడ్డాక మొదటి పువ్వు పూయడానికి ఏడేళ్ళో, అంతకు మించో పడుతుంది. ఆ గింజని నాటేదీ మనుషులు కాదు, చీమలు. గింజకంటుకున్న కొవ్వుముక్క కోసం పుట్టకి మోసుకెళ్ళి, అది తినేసి గింజని పారేస్తాయి. చాలావరకు చీమ నడిచినంత దూరమే ఈ పూలు పాకుతాయి. మన మిషిగన్ హాలండ్‌లో ట్యులిప్ పండగకి శరదృతువులో దుంపలు పాతితే మే నెలకి వరసలు తయారు. ఇక్కడ ఒక తావు ఖాళీ అయిందంటే, అది నిండడం మన పిల్లలు కూడా చూడకపోవచ్చు.

తినేసే జింకలు ఉండనే ఉన్నాయి. వానపాములు కూడా శత్రువులే అంటే నమ్ముతావా? హిమయుగపు మంచుపలకలు తుడిచేశాక ఈ ఉత్తరాది అడవుల్లో వానపాములు లేవు. యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళతో వచ్చాయి. మన పొలానికి మేలు చేసే జీవి ఇక్కడ రాలిన ఆకుల దుప్పటిని తినేసి, గింజలకి ఆసరా లేకుండా చేస్తోంది. ఇవన్నీ చాలవన్నట్టు నేనూ ఒకటి తెంపలేను.

అందుకే నువ్వే రా. వచ్చే ఏడు జూన్‌లో వద్దామనుకుంటున్నావని విన్నాను. జూన్‌లో అడవి పచ్చగా బాగానే ఉంటుంది, నువ్వు చూడాలనుకునేది మాత్రం ఒక్కటీ ఉండదు. అక్కడ బడులకి ఏప్రిల్ చివర్లోనే సెలవులిస్తారు కదా, ఆ వెంటనే బయల్దేరితే మే మొదటి వారంలో ట్రిలియాలు నిండుగా దొరుకుతాయి. ఆవకాయ రోజులంటావేమో, ఆ ఒక్క ఏడూ అమ్మగారి మీద వదిలెయ్. బురద బూట్లు మోసుకురాకు, నావి నీకు సరిపోతాయి.

నీ చెల్లెలు