ఆగని పళ్ళెం

ఏ ఇంటి కోసమూ తయారుకాని ఒక యంత్రం ఈనాడు కొందరు సంగీతప్రియుల ఇళ్ళలో పూజాపీఠమంత పదిలంగా కొలువుతీరి ఉంది. జర్మనీకి చెందిన ఈ.ఎం.టీ. సంస్థ 1956లో తెచ్చిన ‘930’ స్టూడియో టర్న్‌టేబుల్ అది.

దానిని రూపొందించింది రేడియో కేంద్రాల కొరకు. వ్యాఖ్యాత మాట ముగియగానే పాట అందుకోవాలి. కాని బరువైన పళ్ళెం వేగం పుంజుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. అందుకని వారు రెండు పళ్ళాలు అమర్చారు. కిందిది బరువైనది, నిరంతరం తిరుగుతూనే ఉంటుంది. పైది తేలికైనది, రికార్డు దాని మీదే ఉంటుంది. పైదాన్ని ఒక బ్రేకు నిలిపి ఉంచుతుంది. బ్రేకు వీడిన క్షణమే అది కిందిదాని వేగాన్ని అందుకుంటుంది. ఇంతటి సరళమైన ఉపాయం చూసినప్పుడు నాకు మంచి పద్యం విన్నంత తృప్తి కలుగుతుంది.

మోటారు నుంచి పళ్ళానికి చలనాన్ని చేర్చేది రబ్బరు అంచుగల ఒక చిన్న చక్రం. పాటలోని లయకు పట్టు, బిగువు ఆ చక్రం వల్లనే వస్తాయని అభిమానులంటారు. మోటారు అదురును ముల్లుదాకా మోసుకురాగలిగేదీ ఆ చక్రమే. 1970 నాటి టెక్నిక్స్ ఎస్.పి.-10 పళ్ళాన్ని నేరుగా మోటారుతోనే తిప్పి, ఆ చక్రాన్నే తొలగించింది. మరి పాతదానిపై ఇంత మక్కువ ఎందుకు? రోజంతా పనిచేయడానికీ, అరిగిన భాగాన్ని మార్చుకుని మళ్ళీ పనిచేయడానికీ పుట్టిన యంత్రం కనుక అనుకుంటాను. మూలన పారవేయడానికి కాక, మరమ్మతు చేసుకోవడానికి చేసిన వస్తువుకు ఒక గౌరవం ఉంటుంది.

మరొక కారణం నా స్వంతం. ఈ యంత్రం 78 వేగాన కూడా తిరుగుతుంది. మా అమ్మమ్మ దాచుకున్న 78 రికార్డులలో ఒకదానిపై లేబులు చెరిగిపోయి, పద్యం పాడినవారి పేరే మిగలలేదు. ఒక మిత్రుని ఇంట, 78కి తగిన లావుపాటి ముల్లు బిగించి దానిని విన్నాను. గరగరల నడుమ, రాగం ఎత్తుకునే ముందు ఆ గాయకుడు తీసిన ఊపిరి వినిపించింది. పేరు పోయినా ఊపిరి నిలిచింది!

లక్షలు పోసి యంత్రాన్ని కొనడం అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. కాని మీ అటకల మీద అటువంటి రికార్డులుంటే ఒక్క మాట. అవి లక్కతో చేసినవి, స్పిరిటుతో తుడవకండి, కరిగిపోతాయి. ఎల్పీల సన్నని ముల్లు వాటి గాడులకు సరిపోదు. తగిన ముల్లు ఉన్నవారి చేత ఒక్కసారి వినిపించి, ఆ ధ్వనిని నకలు తీయించండి. యంత్రానికి విడిభాగాలు దొరుకుతాయి. పగిలిన రికార్డుకు దొరకవు.