పాత యంత్రానికి పాఠ పరిష్కరణ

పాత వస్తువుల మీద మక్కువ రెండు రకాలుగా వుంటుంది. జమీందారు మేడలో గోడకు వేలాడే కత్తిని చూసి మురిసిపోవటం మొదటి రకం. ఆ కత్తితో ఎవరికీ పనిలేదు. అది వంశ ప్రతిష్ఠకు గుర్తు మాత్రమే. కమ్మరి ఒక పాత కర్రును చేతిలోకి తీసుకుని, దీన్ని ఎవరు సాగగొట్టారు, ఈ వంపు ఎందుకు పెట్టారు అని ఆరా తీయటం రెండో రకం. ఈ రెండో రకానికే విమర్శ అనే పేరు తగుతుంది.

నేను కళాశాలలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. అటువంటి నేను గత ఏడాదిగా సాయంకాలాలు ఒక పాత కంప్యూటరును తిరిగి నిర్మించే పనిలో గడుపుతున్నానంటే ఈ పత్రిక పాఠకులకు ఆశ్చర్యంగా వుండవచ్చు. అసలు నిర్మాత మా ఎలక్ట్రానిక్స్ శాఖలోని మిత్రుడు. నాది లేఖకుడి పని, లెక్కలు సరిచూసే పని. మేం చేపట్టిన యంత్రం 1982లో బ్రిటన్‌లో వెలువడిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రం. దీనికోసం మేం పాత చిప్పు ఒక్కటి కూడా కొనలేదు. అరచేతి కంటె కొంచెం పెద్దదైన ఒక బోర్డు మీద దాన్ని మళ్ళీ పుట్టించాం.

ఆ బోర్డులో ఎఫ్‌పీజీఏ అనే చిప్పు వుంటుంది. మామూలు చిప్పులో తీగల అల్లిక కర్మాగారంలోనే శాశ్వతంగా నిర్ణయమైపోతుంది. ఇందులో ఆ అల్లికను మనమే నిర్ణయించవచ్చు, కావలసినన్ని సార్లు మార్చవచ్చు. 1985లో అమెరికాలోని జైలింక్స్ సంస్థ ఇట్లాంటి చిప్పును మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. 2007లో డెనిస్ వాన్ వీరెన్ అనే డచ్చి ఇంజనీరు అమీగా కంప్యూటరులోని ప్రత్యేక చిప్పులను ఈ పద్ధతిలో మళ్ళీ రచించి, ఆ రచన మొత్తాన్ని లోకానికి ఇచ్చేశాడు. దాని పేరు మినిమిగ్. తర్వాత జర్మనీకి చెందిన టిల్ హార్బౌమ్ 'మిస్ట్' బోర్డును తయారుచేశాడు. 2017లో అలెక్సీ మెల్నికోవ్ 'మిస్టర్' అనే ప్రణాళిక ప్రారంభించాడు. ఇది తైవాను సంస్థ టెరాసిక్ తయారుచేసిన డీఈ10-నానో బోర్డు మీద నడుస్తుంది. అందులోని చిప్పులో సుమారు లక్షా పదివేల తర్క ఘటకాలున్నాయి. వాటితో ఒకనాడు స్పెక్ట్రం, మరునాడు అమీగా, ఇంకోనాడు నాణెం వేసి ఆడే ఆటల పెట్టె నిర్మించుకోవచ్చు. మేం వాడింది ఈ బోర్డునే.

పాత యంత్రాన్ని అనుకరించటానికి మామూలు కంప్యూటరులో ప్రోగ్రాములు లేవా అని అడగవచ్చు. వున్నాయి. కాని తేడా వుంది. హరిదాసు ఒక్కడే రాముడూ తానే, రావణుడూ తానే, మధ్యలో కథ చెప్పేవాడూ తానే అయి నడిపిస్తాడు. ఒకరి తర్వాత ఒకరుగా అందరినీ చూపుతాడు. వీధి భాగవతంలో అట్లా కాదు. ఎవరి వేషం వారిది. అందరూ ఒకే సమయంలో రంగం మీద వుంటారు. ప్రోగ్రాముతో అనుకరణ హరికథ లాంటిది. ఎఫ్‌పీజీఏ మీద నిర్మాణం వీధి భాగవతం లాంటిది. హరికథ తక్కువదని నేననను. కాని పాత్రలు ఒకరి మాటకు ఒకరు అడ్డుపడే చోట, ఒకరికోసం ఒకరు ఆగే చోట, రెండో పద్ధతిలో ఆ అడ్డుపడటమూ ఆగటమూ నిర్మాణంలోనే వుంటాయి.

స్పెక్ట్రంలో ఇటువంటి ఆగటమే నన్ను ఈ పనిలోకి లాగింది. అందులో ముఖ్యపాత్రలు రెండు. ఒకటి జెడ్-80 అనే ప్రాసెసరు. సెకనుకు 35 లక్షల స్పందనలతో నడుస్తుంది. రెండోది ఫెరాంటి సంస్థ తయారుచేసిన యూఎల్‌ఏ అనే చిప్పు. తెరమీద బొమ్మ వేయటం దాని పని. జ్ఞాపకశాలలో ఒక పదహారు కిలోబైట్ల భాగం ఇద్దరికీ ఉమ్మడి. ఇద్దరికీ ఒకేసారి కావలసివస్తే యూఎల్‌ఏ మాటే చెల్లుతుంది, ప్రాసెసరు ఆగాలి. ఎంతసేపు? వచ్చిన క్షణాన్ని బట్టి ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి, సున్న, సున్న స్పందనలు, మళ్ళీ ఆరు. ఎనిమిదేసి స్పందనల ఈ గణం పంక్తికి పదహారు సార్లు వస్తుంది. పంక్తికి 224 స్పందనలు, తెరకు 312 పంక్తులు, వెరసి 69,888. ఛందస్సు చెప్పేవాడికి ఇంతకంటె ప్రలోభం ఏం కావాలి? మిత్రుడు యంత్రవర్ణన రాస్తుంటే నేను పక్కన కూర్చుని గణవిభజన చేసి, యతి తప్పినచోట పెన్సిలుతో గీత పెట్టేవాణ్ణి. యూఎల్‌ఏ చిప్పు లోపలి అల్లికను ఫొటోల సాయంతో చదివి క్రిస్ స్మిత్ 2010లో వెలువరించిన గ్రంథం మాకు మూలప్రతి అయింది.

ఈ పని పాఠ పరిష్కరణే అని నాకు త్వరలోనే తోచింది. తాళపత్రాలను సరిచూసే పండితుడు మూలకర్త మాటను, లేఖకుడి పొరపాటును వేరుచేస్తాడు. అయితే ఇక్కడ ఒక చిక్కు వుంది. స్పెక్ట్రం తెరమీద రంగులు ఒకదానిమీదికి ఒకటి ఒలికిపోతాయి. ఎనిమిదేసి చుక్కల చదరపు గడి ఒక్కొక్కదానిలో రెండే రంగులు సాధ్యం. మా పనిని చూడవచ్చిన ఒక విద్యార్థి, "సార్, ఇంత పెద్ద చిప్పు చేతిలో వుంది గదా, ఆ తప్పును దిద్దెయ్యకూడదా?" అన్నాడు.

మంచి ప్రశ్న. జవాబు లెక్కలో వుంది. ఆ తెర వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 192. ప్రతి చుక్కకూ పదహారింటిలో ఒక రంగు విడిగా ఇవ్వాలంటే 24,576 బైట్లు కావాలి. మొదటి స్పెక్ట్రంలో చౌకరకానికి వున్న జ్ఞాపకశాలే మొత్తం పదహారు కిలోబైట్లు. అంటే 16,384 బైట్లు. గడికి రెండు రంగుల పద్ధతిలో 6,912 బైట్లతో పని ముగుస్తుంది. ఆ యంత్రం ధర 125 పౌన్లు. కనక ఆ రంగుల ఒలుకుడులో ఒక కాలపు ఆర్థిక పరిస్థితి వుంది, సామాన్యుడి ఇంటికి యంత్రాన్ని చేర్చటానికి నిర్మాత చేసిన బేరం వుంది. దాన్ని దిద్దితే చరిత్రను తుడిచినట్లే. ప్రక్షిప్తాన్ని తొలగించే పండితుడే ఇక్కడ కొత్త ప్రక్షిప్తాన్ని చేర్చినవాడవుతాడు.

పరిమితి రూపాన్ని నిర్ణయించటం కళలో మనకు తెలిసిన విషయమే. 1978లో జపానులో తొమోహిరో నిషికాడో నిర్మించిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది. తెరమీద బొమ్మలు తక్కువైతే ప్రాసెసరుకు భారం తగ్గి అవి త్వరగా కదిలేవి. నిర్మాత ఆ గుణాన్ని అట్లాగే వుంచాడు. అదే ఆటకు ప్రాణమైంది.

ఇక ఆస్తి హక్కు సంగతి. క్యాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన సీపీఎస్-2 ఆటబోర్డులలో ప్రోగ్రామును రహస్యలిపిలో దాచారు. దాన్ని విప్పే తాళపుచెవి ఒక చిన్న బ్యాటరీ ఆధారంతో నిలిచే జ్ఞాపకంలో వుంటుంది. బ్యాటరీ అయిపోతే తాళపుచెవి పోతుంది. నిక్షేపంలాంటి యంత్రం మరి పలకదు. ఇతరులు నకలు తీయకుండా వుండటంకోసం వస్తువుకు చావును ముందే లోపల అమర్చి అమ్మారన్నమాట! అభిమానులు ఆ రహస్యలిపిని విప్పి ఆ బోర్డులను బతికించారు. సరుకు రూపంలో బందీ అయిన విజ్ఞానాన్ని విడిపించటం అంటే ఇదే.

అంతమాత్రాన ఈ ఉద్యమాన్ని ఆకాశానికెత్తటం సబబు కాదు. యంత్రవర్ణనలు బహిరంగమే, ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని తిరిగి అందరికీ ఇవ్వాలన్నదే షరతు. కాని కింద వున్న చిప్పు పెద్ద కంపెనీది. వర్ణనను అల్లికగా మార్చే ప్రోగ్రాము కూడా ఆ కంపెనీదే. ఉచితంగా ఇస్తారు గాని దాని లోపలి రచన చూపరు. ఉమ్మడి పంట పరాయి భూమిలో పండుతోంది. పైగా ఈ శ్రమ అంతా తీరిక వున్నవారి శ్రమ. "తిండికి జరగని దేశంలో ఈ పాత ఆటబొమ్మల గొడవేమిటి?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. యంత్రం లోపల ఏముందో తెలియనివాడు ఎప్పటికీ దాని కొనుగోలుదారుగానే వుండిపోతాడని నేనన్నాను. స్పెక్ట్రం ఒక మనిషి పూర్తిగా అర్థం చేసుకోగలిగినంత యంత్రం. నేటి యంత్రాలలో ఆ గుణం లేదు. విద్యార్థికి తొలి పాఠంగా అదొక్కటే చాలు.

మరొక లోటు వుంది; అది ఇంకా లోతైనది. సర్క్యూటును ఆఖరి స్పందన దాకా పునరుద్ధరిస్తున్నాం, దాన్ని చేసిన చేతులను మరుస్తున్నాం. స్పెక్ట్రంలు స్కాట్లండులోని డండీ నగరంలో టైమెక్స్ కర్మాగారంలో తయారయ్యాయి. అక్కడి కార్మికులలో అత్యధికులు స్త్రీలు. 1993లో ఉద్యోగాల తొలగింపు మీద వాళ్ళు సమ్మెకు దిగారు. యాజమాన్యం వాళ్ళను బయటికి గెంటి కొత్తవాళ్ళతో పని నడపబోయింది. ఆ ఏడాదే కర్మాగారం మూతపడింది. యంత్రం కనిపెట్టిన సింక్లెయిర్ పేరు ప్రతి అభిమానికీ తెలుసు. ఆ స్త్రీలలో ఒక్కరి పేరైనా తెలిసినవారెందరు? వేమన పద్యాలను అచ్చువేసిన బ్రౌను పేరు మనకు కంఠతా వచ్చు. ఆయన దగ్గర కూర్చుని ప్రతులు సరిచూసిన పండితులు మనలో ఎందరికి గుర్తు?

మన యంత్రాల మాటా ఆలోచించాలి. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశపు పాఠశాలలకు చేరిన బీబీసీ మైక్రో ఈ బోర్డు మీద ఇప్పటికే వుంది. ఇంగ్లీషువాళ్ళది గనక దానికి దిక్కున్నది. 1967లో హైదరాబాదులో స్థాపించిన ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12, దేశీయమైన తొలితరం కంప్యూటర్లలో ఒకటి. నేను చూసిన జాబితాలలో దాని పేరు లేదు. దాన్ని పునర్నిర్మించాలంటే చిప్పులను మించినవి కావాలి: సర్క్యూటు పటాలు, వాడుక పుస్తకాలు, అన్నిటికంటె ముఖ్యంగా టంకం పెట్టి, పరీక్షించి, మరమ్మతు చేసినవారి జ్ఞాపకాలు. వారు వృద్ధులవుతున్నారు. ఎలక్ట్రానిక్స్ విద్యార్థి పటాన్ని చదవగలడు. తెలుగు విద్యార్థి ఆ మనిషి చెప్పింది రాసి, సరిచూసి, భద్రపరచగలడు. ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చోవటం మన కళాశాలల్లో అరుదు. వచ్చే వేసవి సెలవుల్లో మా విద్యార్థులు ఇద్దరిద్దరుగా ఆ ఇళ్ళకు వెళ్ళబోతున్నారు. ఇతర కళాశాలల మిత్రులు కూడా పూనుకుంటే పని కొంత ముందుకు సాగుతుంది.