రెండోసారి కూడా రండి

థెరపీ కోసం మొదటిసారి వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ రారు. ఫోన్ చేసి అడిగితే, "ఏం లేదు మేడం, ఊరికే మాట్లాడించి పంపించేశారు కదా" అంటారు. జ్వరమని వెళితే మందు రాస్తారు, పన్ను నొప్పని వెళితే పన్ను చూస్తారు. ఇక్కడేమో ముప్పావు గంట మనచేతే మాట్లాడించి, సలహా ఒక్కటీ ఇవ్వకుండా వచ్చే వారం రమ్మంటారు. ఎవరికైనా నిరుత్సాహంగానే ఉంటుంది. ఆ ముప్పావు గంటలో ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో ముందే తెలిస్తే చాలామంది మధ్యలో మానరని నా నమ్మకం. గుంటూరులో నేను చూసిన ఇద్దరి సంగతి చెబుతాను. వాళ్ళెవరో తెలియకుండా వివరాలు మార్చాను.

మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన లావుపాటి ఫైలు చంకలో పెట్టుకుని వచ్చారు. ఈసీజీలు, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్, ఎండోస్కోపీ, అన్నీ నార్మల్. కొందరు గ్యాస్ అన్నారు, చివరికి ఒక ఫిజీషియన్ నా దగ్గరికి పంపారు. "నాకేం పిచ్చి లేదండి, గుండె దడ అంతే" అన్నారు కూర్చుంటూనే. ఆ దడ నిజమేనని ముందు ఆయనకు చెప్పాను. ఉన్నట్టుండి గుండె కొట్టుకోవడం, చెమటలు, చేతుల్లో తిమ్మిర్లు, ఇక ప్రాణం పోతోందన్న భయం. అది పది నిమిషాల్లోపే బాగా పెరిగి, తర్వాత దానంతటదే తగ్గుతుంది. దీన్నే పానిక్ ఎటాక్ అంటాం.

మొదటి రోజు ఎక్కువ భాగం ప్రశ్నలతోనే గడుస్తుంది. ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఎక్కడున్నారు, నిద్ర, ఆకలి, తాగుడు, అప్పులు, ఇంట్లో వాళ్ళకి ఇలాంటివి ఉన్నాయా. చనిపోవాలనిపిస్తోందా అని కూడా అడుగుతాం, అందరినీ అడుగుతాం. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అప్పటికే ఆ ఆలోచనతో నలుగుతున్నవాళ్ళకు మాత్రం చెప్పుకునే దారి దొరుకుతుంది. తర్వాత గత రెండు వారాలు ఎలా ఉన్నారో టిక్కులు పెట్టే ఒక కాగితం ఇస్తాం. అందులో పాసూ ఫెయిలూ ఉండవు. నెల తర్వాత మళ్ళీ నింపితే ఎంత మారిందో ఇద్దరికీ కనబడుతుంది.

ఇంటికి కొంచెం పని కూడా ఇస్తాం. దడ వచ్చినప్పుడల్లా రాసుకోమంటే, గుమాస్తా గారు యార్డు లెక్కల పుస్తకంలో గీసినట్టే గడులు గీసుకొచ్చారు: తేదీ, టైము, చోటు, అప్పుడు అనుకున్నది, ఎన్ని నిమిషాలు. ఇద్దరం కలిసి చదివాం. ఎక్కువసార్లు మెట్లు ఎక్కినప్పుడో, ఎండలో మిర్చి టిక్కీలు (బస్తాలు) లెక్క పెడుతున్నప్పుడో వచ్చింది. 'అనుకున్నది' గడిలో ప్రతిసారీ ఒకే మాట: "అన్నయ్యకి వచ్చినట్టే." ఆయన అన్నగారు అంతకు ముందు ఏడాది గుండెపోటుతో పోయారు. మొదటి రోజు ఆ మాట చెప్పారు గానీ, కుటుంబ వివరాల్లో ఒకటిగా చెప్పి వెళ్ళిపోయారు. శరీరంలో వచ్చే మామూలు మార్పును మనసు ప్రాణాపాయంగా చదువుకుంటే, ఆ భయంతో దడ ఇంకా పెరుగుతుందని డేవిడ్ క్లార్క్ అనే సైకాలజిస్టు 1986లో రాశాడు. పానిక్‌కి ఇప్పుడు మేం చేసే థెరపీలో చాలా భాగం ఆ ఆలోచన మీదే నడుస్తుంది.

మరో సిట్టింగులో ఆయన్ని నా గదిలోనే నిమిషం పాటు నిలబడ్డ చోటే పరుగెత్తమన్నాను, ఆ తర్వాత గబగబా ఊపిరి పీల్చి వదలమన్నాను. గుండె పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టే చేయించాను, ఇంట్లో ఎవరూ సొంతంగా చేసుకోవద్దు. కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని, "ఇదేనండి, అచ్చం ఇదే" అన్నారు, ముఖమంతా చెమట. నీళ్ళు ఇవ్వలేదు, మాత్ర ఇవ్వలేదు, కూర్చోమని కూడా అనలేదు. ఇద్దరం గోడ గడియారం చూస్తూ ఉన్నాం. కాసేపటికి అదే సర్దుకుంది. అలాంటివి ఇంకా చాలా చేయాల్సి వచ్చింది. మొదటి రోజే పరుగెత్తమని ఉంటే ఆయన మళ్ళీ నా గుమ్మం తొక్కేవారు కాదు. మొదటి రోజు ప్రశ్నలన్నీ మా మీద ఆ నమ్మకం కుదరడం కోసమే.

రెండో మనిషి ఇరవై ఆరేళ్ళ అమ్మాయి. భర్తా అత్తగారూ తీసుకొచ్చారు. ఏది అడిగినా వాళ్ళిద్దరే జవాబు చెబుతున్నారు. "కాసేపు బయట కూర్చోండమ్మా" అన్నాను. మనిషిని ఒంటరిగా చూడటం మా పద్ధతి, ఇంట్లోవాళ్ళు దాన్ని అవమానంగా తీసుకోకూడదు. తలుపు పడ్డాక అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏం చెప్పాలో తెలియట్లేదు మేడం" అంది. నీకు తోచిన చోటు నుంచే చెప్పమ్మా, ఇవాళ చెప్పకపోయినా ఫర్వాలేదు అన్నాను. ఆమె అడిగింది ఒక్కటే: "అత్తయ్యకి చెప్తారా?"

చెప్పం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ గోప్యతను రోగి హక్కుగా రాసింది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మీ ప్రాణానికో ఇంకొకరికో ముప్పు ఉందనిపిస్తే, పిల్లల మీద లైంగిక వేధింపు సంగతి బయటపడితే మేం ఊరుకోలేం. ఇది మొదటి రోజే విప్పి చెప్పడం మా బాధ్యత. చెప్పకపోతే మీరే అడగండి.

రెండోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయి చెప్పింది. ఏడో నెల దాటాక కడుపులోనే పాప పోయింది. "మళ్ళీ పుడతారులే" అని అందరూ అన్నారు, పాప మాట ఎత్తితే టాపిక్ మార్చారు. "నాకు చూపించను కూడా లేదు మేడం." ఆ సాయంత్రం భర్త ఫోన్ చేశాడు, మీ దగ్గరికి వచ్చాక ఇంకా ఎక్కువ ఏడుస్తోందండీ అని. అతని కంగారు నాకు అర్థమైంది. నెలల తరబడి అణచుకున్నది బయటికి వచ్చినప్పుడు మొదటి కొన్ని వారాలు బరువుగానే ఉంటాయి. సిట్టింగు ఉన్న రోజు ఆఫీసు పనో, ఇంటికి చుట్టాలో పెట్టుకోకండి. అయితే రోజురోజుకీ కుంగిపోతున్నా, చావు ఆలోచనలు వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే చెప్పాలి. అర్ధరాత్రయినా ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మందుల గురించి ఒక్క మాట. సైకియాట్రిస్టు మందులు రాస్తారు, క్లినికల్ సైకాలజిస్టు రాయరు. మందులు అందరికీ అక్కర్లేదు, అవసరమైనవాళ్ళకి రాసేవన్నీ నిద్రమాత్రలూ కావు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఫీజు ఎంతో, ఎన్ని సిట్టింగులు పట్టొచ్చో కూడా ఫోన్లోనే అడగండి. పానిక్ లాంటి వాటికి వారానికోసారి చొప్పున కొన్ని నెలలు పడుతుంది. చిన్నప్పుడు మనసుకు తగిలిన దెబ్బలకు ఇంకా ఎక్కువే.

రెండు మూడు సార్లు వచ్చాక కూడా ఈ మనిషి దగ్గర నా నోరు పెగలడం లేదు అనిపిస్తే, చెప్పకుండా మానేయకండి. అదే మాట మా ముఖం మీదే చెప్పండి, మాకు కోపం రాదు. ఒక్కోసారి ఆ మాటతోనే అసలు సంభాషణ మొదలవుతుంది. అప్పటికీ కుదరకపోతే ఇంకొకరి పేరు మేమే రాసిస్తాం, మీరు ఒప్పుకుంటే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకునే పని లేకుండా కేసు వివరాలూ పంపిస్తాం.